చెప్పనివ్వని ఓటు

"బావా, ఆ ముసలాయన్ని నోరు తెరవనివ్వకూడదు," అన్నాడు గిడియన్ మెల్లగా.

మోకాలి లోతు మంచులో కర్ర ఊనుకుంటూ ఒకాయన కోర్టు మెట్లెక్కుతున్నాడు.

అమెరికా చట్టసభ కాంగ్రెస్‌కి వర్జీనియాలో అదే మొదటి ఎన్నిక. భూమి ఉన్నవాడికే ఓటు. ఓటంటే చీటీ కాదు. ఎన్నిక జరిపే కౌంటీ అధికారి షెరీఫ్ ముందు నిలబడి, నచ్చినవాడి పేరు పైకి చెప్పాలి. ఒకసారి పుస్తకంలోకి ఎక్కిందా, కొట్టేయించడం ఎవరి తరమూ కాదు. అభ్యంతరం ఉంటే ముందే చెప్పాలి.

గిడియన్ బావ టాల్బట్ పోటీలో ఉన్నాడు. షెరీఫ్ పక్కనే కూర్చున్నాడు. ఎదుటి అభ్యర్థి క్రెంషా ఆ రోజు పక్క కౌంటీలో ఉన్నాడు. ఇక్కడ ఆయన మనిషి ప్రయర్.

మేజిస్ట్రేటుగా ఉన్న రోజుల్లో, ప్రార్థన చేసుకున్న పాపానికి బాప్టిస్టు శాఖ క్రైస్తవుల్ని జైల్లో తోయించినవాడు క్రెంషా. అది మళ్ళీ జరక్కుండా చట్టం తెస్తానని టాల్బట్ ఊరూరా మాటిచ్చాడు.

"వచ్చింది క్రెంషా ఊరి దారినే. అది వాళ్ళ ఓటే," అని గిడియన్ లేచాడు. "అభ్యంతరం షెరీఫ్ గారూ. ఈయనకు భూమి లేదు."

"ఉంది బాబూ. కొండ కింద వందెకరాలు."

"కోటుకు గుండీలే లేవు, వందెకరాలట. ఉందని చెప్పే మనిషిని చూపించు తాతా."

జనం నవ్వారు.

ముసలాయన ప్రయర్ వైపు చూశాడు. "ఈయనకు తెలుసు. మా ఇంట్లో భోజనం కూడా చేశాడు."

ప్రయర్ గోళ్ళు చూసుకున్నాడు. "ఈయనెవరో నేనెరగను."

"సొంతవాళ్ళే ఎరగమంటున్నారు, ఇంకేం కావాలి?" అన్నాడు గిడియన్.

షెరీఫ్ టాల్బట్ వైపు తిరిగాడు. "మీరేమంటారు?"

టాల్బట్‌కి సిగ్గేసింది. పోయేది క్రెంషా ఓటే కదా అని సర్దిచెప్పుకున్నాడు.

"నియమం నియమమే," అన్నాడు.

"ఒక్క మాట చెప్పి పోతాను బాబూ."

"బయట చెప్పుకో."

ముసలాయన మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

మూడోనాడు కౌంటీలన్నిటి లెక్కా కలిపారు. ఇద్దరికీ సమానంగా వచ్చాయి. అలా వస్తే తేల్చేది షెరీఫులే. వాళ్ళు క్రెంషా అన్నారు.

ఆ పూటే ఒక బండివాడు ముసలాయన శవాన్ని కోర్టు ముందు దించాడు.

"మంచులో దొరికాడండీ. ఓటుకు వెళ్ళేటప్పుడు మా ఇంట్లో చలి కాచుకున్నాడు. ఈ వాతావరణంలో ఎందుకు తాతా అన్నాను. 'టాల్బట్ అని పేరొక్కటి చెప్పొస్తా. ఆ రెండోవాడి సంగతి నాకు తెలిసినట్టు ఎవరికీ తెలీదు' అన్నాడు."

గిడియన్ ముఖం పాలిపోయింది.

"ఎవరీయన?" అన్నాడు టాల్బట్.

బండివాడికీ తెలీదు. ప్రయర్ అప్పటికే జనంలోంచి జారుకుంటున్నాడు.

అభినందనలు అందుకుంటున్న క్రెంషా లోపలినుంచి వచ్చాడు. శవాన్ని చూసి టోపీ తీశాడు. మంచులో మోకాళ్ళ మీద కూర్చుని, గుండీల్లేని ఆ కోటు దగ్గరికి లాగి, "పద నాన్నా, ఇంటికి పోదాం," అన్నాడు.