మెషీన్ పట్టించుకోని మాటలు

"మూగనోము అయిపోయిందా?" అన్నాడు ఫోన్లో మొగుడు.

"కాలేదు. ఇది ఆఫీసు పని," అంది ఆమె. "హాస్పిటల్ సర్వర్ లేవట్లేదు. అప్‌డేట్ పెట్టి రీస్టార్ట్ చేశాను, సగంలో చతికిలబడింది. పెన్‌డ్రైవ్‌లో ఉన్న రెస్క్యూ సిస్టమ్‌తో నడిపిస్తున్నా. పక్కన ఇంకొకరు చూస్తుంటే నాకు కాస్త ధైర్యం. పాస్‌వర్డ్ పంపాను, ఇంట్లోంచే లాగిన్ అవ్వు."

"సరేగానీ, నిన్నటి మాట..."

"ఆ మాటెత్తకు!" అని ఫోన్ పెట్టేసింది.

ఎత్తకపోతే మాత్రం మరుపొస్తుందా? నిన్న చుట్టాలందరూ భోజనాలకి కూర్చున్నాక, "ఈవిడ వంట తిని కూడా బతికున్నానంటే నాది గట్టి పిండమే" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు, అత్తగారితో సహా. ఆమెకి గరిటె అక్కడే పారేసి లోపలికి పోవాలనిపించింది.

తలుపు తోసుకుని నర్సు వచ్చింది. "మేడమ్, ల్యాబ్ రిపోర్టు ఒక్కటీ తెరుచుకోవట్లేదు. ఆపరేషన్ పేషెంటుని బల్లమీద పడుకోబెట్టేశారు. రక్తం రిపోర్టు చూడందే కత్తి పట్టుకోనని పెద్ద డాక్టరుగారు కూర్చున్నారు."

"చేస్తున్నానమ్మా, ఆ పనిమీదే ఉన్నా," అంది. ఏసీ గదిలో కూడా మెడ వెనక చెమట పట్టింది.

నల్లటి తెర మీద మొగుడి పేరుతో లాగిన్ అయినట్టు కనబడింది. ఇటు కొట్టింది అటు, అటు కొట్టింది ఇటు కనబడే తెర అది. హమ్మయ్య అనుకుని కమాండ్లు మొదలుపెట్టింది. డిస్కుని తగిలించింది. పాత సిస్టమ్ లోపలికి దిగింది. మెషీన్ లేవడానికి కావలసిన ఫైలు సగమే తయారై ఉంది. దాన్ని మళ్ళీ తయారుచేసే కమాండ్ కొట్టి ఎంటర్ నొక్కబోయింది.

అంతలో ఆమె కొట్టిందంతా చెరిగిపోయింది. ఆ చోట అవతలినుంచి ఒక లైను పడింది.

# ఆగు. బూట్ పార్టిషన్ విడిగా ఉంది. దాన్ని తగిలించలేదు నువ్వు.

ముందు హ్యాష్ గుర్తు పెడితే ఆ లైనుని మెషీన్ పట్టించుకోదు. మనుషులు చదువుకోవడానికే. ఆమె నాలిక్కరుచుకుంది. ఆ కంగారులో ఎంటర్ నొక్కి ఉంటే ఫైలు తప్పుడు చోట తయారై, సర్వర్ మళ్ళీ కూలబడేది. మెషీన్ లేచేటప్పుడు మొదట చూసే ఆ బూట్ పార్టిషన్‌ని తగిలించి చూస్తే, అది పాత అప్‌డేట్లు వదిలేసిన కెర్నెల్ ఫైళ్ళతో కిక్కిరిసి ఉంది. కొత్త ఫైలుకి చోటేదీ? రెండు పాతవి తీసేసి, కమాండ్ మళ్ళీ కొట్టింది. ఈసారి ఎవరూ ఆపలేదు.

పని నడుస్తుండగా ఇంకో లైను.

# నిన్న నలుగురిలో అలా అనడం తప్పే.

ఆ మాటతో ఆమె కోపం చల్లారలేదు. తనూ హ్యాష్ పెట్టి జవాబు కొట్టింది.

# పైగా నవ్వావు కూడా.

# నవ్వాను. నవ్వకుండా ఉండాల్సింది.

# కూర అంత ఘోరంగా ఉందా?

# ఉప్పు తక్కువైంది. అయినా రెండుసార్లు వడ్డించుకున్నాను, చూడలేదా?

ఆమెకి నవ్వొచ్చేసింది. ఆరేళ్ళ కాపురంలో ఇంత తిన్నగా మాట్లాడింది ఇదే మొదలు. ఎదురుగా ఉంటే వెటకారం తప్ప ఒక్క ముక్క రాని మనిషి, కీబోర్డు ఇస్తే ఎంత బుద్ధిమంతుడు! ఫైలు తయారైంది. చోటు సరిచూసుకుంది. మనసు ఆగక ఒక లైను కొట్టింది.

# ఇంటికొచ్చాక రెండు ముద్దులు పెడతాను, బంగారం.

అవతల కర్సర్ చాలాసేపు మిణుకుమిణుకుమంది.

# సరే. ముందు రీబూట్ చెయ్యి.

చేసింది. తెర చీకటైంది. పెన్‌డ్రైవ్ పీకి పక్కన పెట్టింది. ఒక్కొక్క లైనూ పైకి పాకింది, చివరికి మెషీన్ లాగిన్ అడిగింది. హాల్లోంచి నర్సు కేక: "మేడమ్, రిపోర్టులు వచ్చేశాయ్! డాక్టరుగారు లోపలికెళ్ళారు!"

అన్నీ సక్రమంగా ఉన్నాయో లేదో చూద్దామని ఆమె మళ్ళీ లాగిన్ అయింది. తెర మీద మొగుడి పేరూ మళ్ళీ కనబడింది. అప్పుడే తలుపు తెరుచుకుంది. రొప్పుతూ, చొక్కా తడిసి, గుమ్మంలో మొగుడు!

"లేచిందా? ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయా. నువ్వు ఫోన్ పెట్టేయగానే బయల్దేరాను. నిన్నటి మాటకి ఫోన్లో కాదు, ఎదురుగా నిలబడి సారీ చెబుదామని..."

ఆమె తెరకేసి చెయ్యి చూపించింది. "మరి... ఇందాకట్నుంచీ ఇంట్లో లాగిన్ అయి ఉన్నది?"

"అమ్మ! నేనొచ్చేలోగా నీకు తోడుండమన్నాను. రిటైరయ్యేదాకా ఆవిడ నడిపింది ఈ మెషీన్లనేగా. ఏం, ఏమైనా తప్పు చేసిందా?"

ఆమె మొహం కందగడ్డయింది. తెర మీద అక్షరం తర్వాత అక్షరం పడసాగింది.

# వాడు వచ్చేసి ఉంటాడు. నా సారీ నాదే, వాడిది వాడిచేత విడిగా చెప్పించుకో. ఆ రెండు ముద్దులు మాత్రం నావే!