అడగకుండా పడిన ఓటు

పోలింగ్ రోజని కనకరత్నం తలస్నానం చేసి వచ్చేసరికే ఆమె ఓటు పడిపోయింది. మనసు కనిపెట్టి ఓటేసే పెట్టెలు ఇంటింటికీ వచ్చాక పోలింగ్ బూత్‌లు ఎత్తేశారు.

"ఎవరికేశావే?"

"మీరెప్పుడూ వేసే పార్టీకేనమ్మా," అంది పెట్టె.

"నీ నోట మన్నుబడ! ప్రశ్నించాడని మా అబ్బాయిని జైల్లో వేసింది వాళ్లేగా! మళ్లీ గెలిస్తే వదుల్తారా? ఏమండీ, కోర్టుకెళ్దాం. పక్కదేశంలో కోర్టే ఈ పెట్టెల్ని కొట్టేసిందటగా?"

"అక్కడ జడ్జీలింకా మనుషులే రత్నం," అన్నాడు భర్త పానకాలు. "మన కోర్టులో తీర్పు చెప్పేదీ ఈ పెట్టే."

అయినా ఆమె ఫిర్యాదు చెప్పింది. పెట్టె వెంటనే తీర్పు చదివింది: "ఓటు సరిగానే పడింది. మీ మనసు మారదు."

కనకరత్నం దేవుడి పటం ముందు కూలబడింది.

"స్వామీ, అడగందే నువ్వైనా వరమివ్వవు. వీళ్లు నన్నొక్క మాటడక్కుండా, నా చేతే నా బిడ్డకి తాళం వేయించారు."