వేళకాని కూత

మా కంపెనీలో ఎవరెవరి ఉద్యోగాలు పోతాయో ఆ శుక్రవారమే మెయిల్ వస్తుందన్నారు. అందుకే లీవు పెట్టి నేనూ, నా భార్య పర్సిస్, నాతో పనిచేసే కాలేబ్, మేముండే శాన్ రామన్‌కి దూరంగా కొండల్లో ఉన్న వందేళ్లనాటి బంగారుగని చూడ్డానికి వెళ్లాం. అక్కడ ఫోన్ సిగ్నల్ ఉండదు. పోయే ఉద్యోగం సాయంత్రం దాకానైనా ఉంటుందని నా ఆశ.

గని ముందు గైడమ్మాయి పాత ఆవిరి కూత మోగించి చూపించింది. వేళకానివేళ అది మోగితే లోపల ప్రమాదమట. గని కార్మికుల క్యాంపులోని ఆడవాళ్లంతా పొయ్యిమీది కూర వదిలేసి ఇక్కడికొచ్చి నిలబడేవారట. మొగుడు బతికి పైకొస్తే, అతని చెయ్యి పట్టుకుని, మిగతావాళ్ల ముఖం చూడకుండా ఇంటికెళ్లిపోయేవారట.

"ఒక్క మాటైనా పలకరించకుండానా? ఏం మనుషులమ్మా!" అంది పర్సిస్.

"పలకరించి ఏమంటారు వదినా?" అన్నాడు కాలేబ్.

కొండ దిగి పార్కింగ్‌కి వచ్చేసరికి సిగ్నల్ అంది, మెయిల్ వచ్చినట్టు ఫోన్లు మోగాయి. నా ఉద్యోగం ఉంది. కాలేబ్ తన ఫోన్ చదువుతూ అక్కడే ఆగిపోయాడు. ఎంతసేపటికీ తలెత్తలేదు.

పర్సిస్ నా చెయ్యి పట్టుకుని, తల వంచుకుని, గబగబా కారు దాకా లాక్కెళ్లింది. తలుపు లాగింది. రాలేదు.

కారు కాలేబ్‌ది.

అతనే మెల్లగా వచ్చి తాళం తీశాడు.

"ముందు కూర్చో అన్నా. శాన్ రామన్ చాలా దూరం. నీ జోకులేవో చెబుతూ ఉండు."