రొద పరీక్ష

తాళి కట్టే వేళ గట్టిమేళం చేత్తో చేసిన సింథసైజర్ మీదే వాయించాలని కల్యాణమండపాలు నియమం పెట్టుకున్నాయి. ఫ్యాక్టరీ సింథసైజర్లలో గుయ్యిమనే రొద అనేదే ఉండదు కనుక, రొద ఉన్నదే చేతిపని అని తేల్చాయి.

తెనాలి మండపంలో పరీక్షకుడు వీరరాఘవులు, హైమావతి తెచ్చిన సింథసైజర్‌కు రొద కొలిచే మీటరు తగిలించాడు. మీటలేవీ నొక్కకుండానే రొద ఎంతుందో చూశాడు. ముల్లు కదల్లేదు.

"ఇది కొన్నదే కదమ్మా?"

"నేనే టంకం వేసి చేశానండి. గుయ్యిమంటోందని బిస్కట్ల డబ్బాలో బిగించి, తీగలు మెలేసి, ఉన్న రొదంతా పోగొట్టా. రేపు మా చెల్లెలి పెళ్లిలో నేనే వాయిస్తానని మాటిచ్చానండి."

"చేత్తో చేసేవాళ్లు ఇంత శుభ్రంగా చేస్తే ఎవరు నమ్ముతారమ్మా? ఎదురు కొట్లో రొద పుట్టించే బిళ్ల అమ్ముతారు. అతికించుకురా."

"ఆ బిళ్ల ఫ్యాక్టరీదేగా అండీ?"

"ఫ్యాక్టరీదే తీసుకో. ఇంట్లో చేసిన బిళ్లల రొద ఒక్కోసారి ఒక్కోలా ఉంటది."

హైమావతి బిళ్ల కొని, అక్కడే కూర్చుని అతికించింది. ఈసారి ముల్లు మీటరు మీది హద్దు గీత దాటింది. వీరరాఘవులు డబ్బా మూత మీద ముద్ర కొట్టాడు: 'పూర్తిగా చేతిపని'.