ఆధారం లేని గాయని

మా పత్రికలో ‘చరిత్రలో ఈ రోజు’ శీర్షికను ముప్పై ఏళ్లు నడిపిన పెద్దాయన రిటైరయ్యాక అది నా నెత్తిన పడింది. ఆయన తేదీలవారీగా రాసిపెట్టిన నోటుబుక్కులోంచి ఎత్తిరాయడమే పని. నేను మాత్రం ఆధారం లేనిదే అక్షరం వెయ్యను.

డిసెంబర్ పద్నాలుగుకి నాలుగు విశేషాలున్నాయి. ఒక మతగురువు నిర్యాణం, ఒక యుద్ధ విరమణ, ఒక ఫుట్‌బాల్ ఫైనల్, ఒక గాయని జననం. మొదటి మూడూ దొరికాయి. గాయని మాత్రం భూతద్దం పెట్టి వెతికినా ఏ పుస్తకంలోనూ లేదు. కొట్టేశాను.

పద్నాలుగో తేదీ పొద్దున్నే పెద్దాయన ఫోన్ చేశారు.

“గాయనిని తీసేశావేం?”

“ఆధారం లేదు సార్. ఒక్క రికార్డూ లేదు. ఎక్కడ పాడిందో కూడా ఎవరూ రాయలేదు.”

“మా వంటింట్లో పాడుతుందయ్యా. మా ఆవిడ. ఏటా ఈ రోజు పేపర్లో తన పేరు చూసుకున్నాకే కాఫీ పెడుతుంది. ఇవాళ ఇంతవరకూ పొయ్యి వెలగలేదు.”

“అయినా సార్, ఆధారం...”

ఆయన ఫోన్ పట్టుకుని నడిచిన చప్పుడు. “ఏమోయ్, ఆఫీసువాళ్లు ఆధారం అడుగుతున్నారు. ఒక్క చరణం పాడు.”

ఆవిడ మొత్తం పాట పాడింది.

మర్నాడు సవరణ వేశాం: ‘నిన్నటి శీర్షికలో ఒక గాయని జననాన్ని పొరపాటున విడిచిపెట్టాం. చింతిస్తున్నాం.’ కింద ఆవిడ పేరు, పూర్తిగా.

శ్రుతి ఎక్కడా కుదరలేదు. ఆ సంగతి సవరణలో రాయలేదు.