తూనీగ కంప్యూటర్

"అవి కాదురా, ఆ పక్కవి పెట్టు," అంది అక్క.

తమ్ముడు చేతిలోని కంప్యూటర్ మెమరీ పట్టీలను కింద పెట్టలేదు. "ఇవి చాలక్కా. కంపెనీ చెప్పిన స్పీడుకు బుద్ధిగా నడుస్తాయి. పాప మొదటిసారి కంప్యూటర్ ఆటల పోటీకెళ్తోంది, మధ్యలో ఆగిపోతే?"

"వాటితో గుంపుగా శత్రువులు వచ్చినప్పుడల్లా బొమ్మ తడబడుతోంది మామయ్యా," అని మేనకోడలు గునిసింది. "అమ్మకేమో మంచి చిప్పులు ఏరి పెట్టావట. నాకు ఇవా?"

"ఎవరు చెప్పారే?"

"అమ్మే." ఆ పిల్ల మూతి ముడుచుకుని పక్క గదిలోకి వెళ్ళిపోయింది.

ఒకప్పుడు అతడికి ఆ చిప్పులు ఏరడమే లోకం. పట్టీల పైన ఒకే పేరు, ఒకే రంగు రేకు ఉన్నా, ఆ రేకు కింద చిప్పులు వేరువేరు చోట్ల తయారైనవి కావచ్చు. కొన్ని, కాస్త వోల్టేజీ పెంచితే చాలు, చెప్పిన స్పీడు దాటి పరుగెత్తుతాయి. కొన్ని మొదటి అడుగులోనే చతికిలబడతాయి. మంచివాటిని ఏరి, పిసరంత పిసరంత వేగం పెంచి, తప్పులు రాకుండా నిలబెట్టడం అతడికి వెన్నతో పెట్టిన విద్య. ఆ మెషిన్ మీద అక్క ఆడుతుంటే, ఎంతమంది మీద పడ్డా తెర మీద బొమ్మ తొణికేది కాదు. ఆటలో ఆమె పేరు తూనీగ. ఒక పెద్ద జట్టు ఆడడానికి ఆమెను, మెషిన్లు చూసుకోవడానికి అతణ్ణి తీసుకుంటామంది. ఫైనల్ కానివ్వండి, సంతకాలు పెడదాం అన్నారు.

ఫైనల్లో అక్క వెనకబడింది. పుంజుకుంటుందిలే అని తమ్ముడు ప్రేక్షకుల కోసం కట్టిన తాడు అవతల గోళ్ళు కొరుక్కుంటూ నిలబడ్డాడు. అంతలో ఆమె తెర నల్లబడింది. హాలంతా ఉసూరుమంది.

"పాపం, మెషిన్ ముంచేసింది గానీ, తూనీగ గెలిచేదే," అన్నారంతా.

జట్టు అక్కను తీసుకుంది. అతడి వంక ఎవరూ చూడలేదు. ఇంటికొచ్చి ఆ చిప్పులను ఎన్ని రకాలుగా పరీక్షించినా ఒక్క తప్పూ దొరకలేదు. హాల్లో వేడికి తట్టుకోలేకపోయి ఉంటాయనీ, ఆ వేడి సంగతి తనకు ముందే తట్టాల్సిందనీ తనను తానే తిట్టుకున్నాడు. ఆ తర్వాత ఏ చిప్పునూ హద్దు దాటించలేదు. ఆఫీసు కంప్యూటర్లు బాగుచేసే ఉద్యోగంలో కుదురుకున్నాడు. ముఖం చెల్లక అక్క ఆటలు చూడడానికి కూడా వెళ్ళలేదు.

"నీ చేతిలో పని చెడదురా," అంటూ అక్క ఇప్పుడు ఆ పక్క పట్టీలను అతడి ముందుకు జరిపింది. "ధైర్యంగా పెట్టు."

"ఒకసారి చెడింది చాలదా? నా అతితెలివి వల్ల నీ కప్పు పోయింది. నువ్వు పల్లెత్తు మాట అనలేదు. నాలుగు తిట్టి ఉంటే నాకు తేలికగా ఉండేదక్కా."

"నేను నిన్ను తిట్టడమేమిట్రా..." ఆమె లేచి వెళ్ళి పక్క గది తలుపు దగ్గరగా వేసి వచ్చి కూర్చుంది.

"ఓడిపోతానని తెలిసిపోయినప్పుడు ఏం చేయాలమ్మా అని పొద్దున పాప అడిగింది. చెప్పడానికి నాకు నోరు రాలేదు."

"అందులో ఏముంది? చివరిదాకా ఆడమను, నీలాగా." తమ్ముడు పట్టీని నొక్కి బిగిస్తూ నవ్వబోయాడు. "ఆ రోజు మెషిన్ ఆగిపోకపోతే నువ్వు కూడా..."

"అది ఆగిపోలేదురా, నేనే ఆపేశాను."