ముప్పై ఒకటో పేజీలో సిలువ

ఆ గురువారం ఉదయం సన్నగా చినుకులు పడుతున్నాయి. అమ్మకు టీ ఇచ్చి, ప్రార్థన ముగించుకుని, చెల్లెలు జిలియన్‌తో కలిసి వంతెన దగ్గరికి వెళ్లాను. ఊళ్లు తిరిగే లైబ్రరీ బండి గురువారాలు అక్కడ ఆగుతుంది.

పెళ్లి ఊసు ఎత్తనివ్వని జిలియన్‌కు ఏడాదిగా పాతకాలపు ప్రేమ నవలలే లోకం. కోటలు, గుర్రబ్బగ్గీలు, పొగరుబోతు ప్రభువులు. చదివిన పుస్తకమే మళ్లీ తెచ్చుకోకుండా మా ఊరివాళ్లు లోపల ఏదో ఒక పేజీలో పెన్సిల్‌తో ఎవరి గుర్తు వాళ్లు పెట్టుకుంటారు. జిలియన్ తెచ్చే ప్రతి నవలలోనూ ముప్పై ఒకటో పేజీ మూలన ఒక సిలువ ఉంటోంది.

"నాకు నచ్చినవన్నీ ఎవరో ముందే చదివేస్తున్నారక్కా! ఆ మనిషెవరో చూడాలి."

బండిలో రాతిగోడలు కట్టే హోల్‌రాయిడ్ ఒక్కడే ఉన్నాడు. భార్య పోయి ఆరేళ్లయింది. జిలియన్ పేజీ తెరిచి చూపించింది.

"ఈ సిలువ మీదేనా అండీ?"

ఆయన చెవులదాకా ఎర్రబడ్డాడు. "అవునండీ... నాదే."

ఇంటికొచ్చేదాకా దాని కాళ్లు నేలమీద నిలవలేదు.

"గోడలు కట్టే మనిషి ప్రేమకథలు చదవడమేమిటే, చోద్యం!" అంది సాయంత్రం అమ్మ.

"చదివితే అరిగిపోతాడా?" అని జిలియన్ కస్సుమంది. ఇద్దరూ నావైపు చూశారు.

ఆ సిలువలన్నీ నావి. సోమవారం బండి చర్చి దగ్గర ఆగినప్పుడు తెచ్చుకుని, తలుపేసుకుని చదువుతాను.

జిలియన్ ముందు ఆయన ఎందుకు అబద్ధమాడాడో, అన్ని నవలలు చదివినదాన్ని, నాకు తెలియదా? దేవుడు క్షమించుగాక, నోరు విప్పలేదు. ఆదివారం ఆయన్ని భోజనానికి పిలవాలని ముగ్గురం నిర్ణయించాం.